కల్లంలో పిల్లల డాక్టరు

పర్చూరు,
2 జనవరి 2025.

చిరంజీవి శివనాగరాజుకి, దీవించాల్సిన అక్క వెంకటేశ్వరమ్మ తిట్టి రాయునది.

ఫోనులున్న కాలంలో ఉత్తరమేందని నవ్వకు. మీ బావ ఫోను సంగతి నీకు తెలుసుగా, చెవికి ఆనించుకున్నా పక్క చేలో వాళ్ళకి వినపడుద్ది. ఇక మన ఎరువుల కొట్లోనయితే కట్టల మీద కూర్చున్న నలుగురూ పనులు మానుకుని వింటారు. నీ చదువు సంగతి వాళ్ళ చెవిన పడిందంటే నేను బజార్లో తలెత్తుకోలేను. అందుకే రాస్తున్నా. గుంటూరు బస్సు డ్రైవరు వీరాంజనేయులు చేత గోంగూర పచ్చడి పంపుతున్నా, ఉత్తరం డబ్బా అడుగున గుడ్డలో ఉంటది. జవాబు కూడా ఖాళీ డబ్బాలో పెట్టి అతనికే ఇవ్వు.

ఏరా, టీచరు ట్రైనింగంటే బీఎడ్డేమో అనుకున్నా. మొన్న మీ బావ పురుగుమందుల వాళ్ళ మీటింగుకని గుంటూరొచ్చి, నిన్ను పలకరించిపోదామని మీ కాలేజీకి వచ్చాడంట. కిటికీలోంచి చూస్తే నువ్వు నలభై మంది ఆడపిల్లల ముందు రెండు చేతులూ చెవుల్లాగా పైకెత్తుకుని కుందేలు మాదిరి గెంతుతున్నావంట. మనిషి పలకరించకుండానే వెనక్కి తిరిగొచ్చాడు. అన్నం కలుపుకుంటా 'మీవాడికి ఏమన్నా అయిందా' అని అడిగాడు నన్ను. నేనేం చెప్పాలి?

మూడేళ్ళ పిల్లల ముక్కులు తుడవడానికి రెండేళ్ళ కోర్సా? మా అత్తగారు ఏడుగుర్ని పెంచింది, ఏ కాలేజీ సర్టిఫికెట్టు ఇచ్చింది ఆమెకి? ఆడవాళ్ళు వంట చేసుకుంటా ఒక కంట చూసుకునే పని అది. దానికి పుస్తకాలంట, పరీక్షలంట, పైగా మగాడంట! బీఎస్సీ చదివి, ఆరడుగుల మనిషివి. అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని పెంచింది ఇందుకేనా? కొట్లో కూర్చోరా, మీ బావకి తోడుగా ఉంటావంటే నామోషీ. కుందేలయితే నామోషీ లేదు.

ఇంకో సంగతి. ఇంకొల్లు వెంకయ్యగారి అమ్మాయి జ్యోతిర్మయి సంబంధం వచ్చింది. పిల్ల బంగారం. అబ్బాయి ఏం చదువుతున్నాడని వెంకయ్యగారు అడిగాడు. పిల్లల డాక్టరు కోర్సని చెప్పేశా. నీ చదువులో పిల్లలున్నారు, కోర్సూ ఉంది. మధ్యలో డాక్టరొక్కటే నేను కలిపింది. నువ్వు నోరు మూసుకుని ఉంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా.

ఇట్లు,
నీ మొహం చూడాలనిపించని అక్క.

బ్రాడీపేట, గుంటూరు,
6 జనవరి 2025.

అక్కకి, బావకి నమస్కారాలు.

నీ గోంగూర, నీ తిట్లు రెండూ అందాయి. గోంగూరలో ఉప్పు తక్కువైంది, తిట్లలో ఏదీ తగ్గలేదు.

ముందు ఆ డాక్టరు మాట వెనక్కి తీసుకో అక్కా. నీకు దణ్ణం పెడతా. రేపు ఎవరన్నా జ్వరం తగ్గడానికి మందు రాయమంటే ఏం రాయాలి నేను? బావ కొట్లో పురుగుమందు పేర్లు తప్ప నాకు ఏ మందు పేరూ తెలియదు.

బీఎడ్డని నేను ఎప్పుడూ చెప్పలేదు. టీచరు ట్రైనింగన్నాను, నువ్వు వినాలనుకున్నది విన్నావు. నేను కిందటేడాది ఇక్కడే ఒక స్కూల్లో గుమస్తాగా చేశాను గదా, జూన్‌లో బడి తెరిచిన కొత్తలో చిన్నపిల్లల గది ముందు కుర్చీ వేసుకుని అడ్మిషన్లు రాసేవాణ్ణి. లోపల ఒకటే ఏడుపులు. ఆ టీచరు బెత్తంతో బల్ల మీద కొట్టేది. ఒక పిల్లాడు పారిపోయి వచ్చి నా కుర్చీ కింద దూరాడు. వాడితో పాటు నేనూ కింద కూర్చున్నాను. కాసేపటికి ఊరుకున్నాడు. మర్నాడు ఇద్దరొచ్చారు. నా దగ్గర పసిపిల్లలు ఊరుకుంటారక్కా. నాకు బాగా చేతనైంది అదొక్కటే. నవ్వితే నవ్వు.

కాలేజీని తిట్టాలంటే మాత్రం నన్నడుగు, నీకు సరుకు లేక కుందేలు దగ్గర ఆగిపోయావు. ఇక్కడ 'ఆట ద్వారా బోధన' అనే పేపరుంది. ప్రిన్సిపాలుగారు వచ్చి, 'పిల్లల్ని గంటల తరబడి ఒకేచోట కూర్చోబెట్టరాదు, రాసుకోండి' అంటారు. మేము గంటల తరబడి ఒకేచోట కూర్చుని రాసుకుంటాం. 'పిల్లల్ని ప్రశ్నలడగనివ్వాలి' అనేది రాసుకుంటూ ఒకమ్మాయి ఏదో ప్రశ్న అడిగింది. బయట నిలబెట్టారు.

ఒక పసివాణ్ణి మూడు నెలలు గమనించి రికార్డు రాయాలి. రికార్డులన్నీ కాలేజీ పక్క జెరాక్సు షాపులో తయారుగా ఉంటాయి. అందులో పిల్లాడి పేరు చింటూ, వయసు నాలుగేళ్ళు, ఎర్ర బంతి అంటే ఇష్టం. ఈ కాలేజీ పెట్టినప్పటి నుంచీ ప్రతి బ్యాచీ వాణ్ణే గమనిస్తోంది. వాడికి ఈపాటికి మీసాలు రావాల్సింది, ఇంకా నాలుగేళ్ళే. అయిదో ఏడు రానిస్తే మళ్ళీ రికార్డు తిరగరాయాలి గదా!

ఖుర్షిదా మేడమొక్కరే కాస్త నయం. పిల్లల ఆరోగ్యం పేపరు చెబుతారు. మొదటి రోజే 'మీలో ఎవరన్నా పసిబిడ్డకి స్నానం చేయించారా?' అని అడిగారు. నలభై మందిలో ఇద్దరు చేతులెత్తారు. 'శుభం, చింటూకి మీరే గతి' అని వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి నుంచి ఏదన్నా స్కూల్లో రెండు నెలలు పిల్లలకి పాఠం చెప్పి చూపించాలి. అది లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. దాని కోసం తిరుగుతున్నాను.

డాక్టరు మాట మర్చిపోకు, అంటే మర్చిపో.

నీ తమ్ముడు,
శివనాగరాజు.

పర్చూరు,
12 జనవరి 2025.

డాక్టరుగారికి,

అవును, అట్టానే పిలుస్తా. ఊరంతా అదే పిలుస్తుంటే నేనొక్కదాన్నే ఎందుకు మానుకోవాలి?

మిరపకాయ కోతలు మొదలయినయి. కర్నూలు వైపు నుంచి కూలీలు దిగారు, మన కల్లం పక్కనే గుడిసెలేసుకున్నారు. ఈ ఏడు పిల్లలు మరీ ఎక్కువ. తల్లులు చేలో ఉంటే ఇవి కల్లంలో ఆరబోసిన కాయ మీద పరుగులు. ఎంత తోలినా మళ్ళీ తయారు. ఒకడు కళ్ళు నులుముకుని ఏడుపు, ఇంకొకత్తి మన దూడ తోక పట్టుకుని ఏడుపు. చెవులు చిల్లులు పడుతున్నయి. ఇవన్నీ నీ కంటికి పువ్వుల్లాగా కనపడతయి కాబోలు, వచ్చి చూడు ఒకసారి.

వాళ్ళలో ఫెబా అని ఒకామె ఉంది. గట్టి పనిమంతురాలు, మాట తక్కువ. మొగుడు ఆదాం బెంగుళూరులో సెంట్రింగు పనికి పోయాడంట. మూడేళ్ళ కూతురు, ఎస్తేరు. ఆ పిల్లకి దగ్గు. 'అమ్మా, మీ తమ్ముడు పిల్లల డాక్టరంట గదా, ఏం మందెయ్యాలో అడగండి' అంది. నేను మెడికల్ షాపులో దగ్గు మందు తెప్పించి, మా తమ్ముడు ఫోనులో చెప్పాడని ఇచ్చా. రెండు రోజుల్లో తగ్గింది! ఇప్పుడు చూడు, పక్క కల్లాల నుంచి కూడా వస్తున్నారు. కుందేలువైతే వచ్చేవాళ్ళా?

వెంకయ్యగారు కూడా మెత్తబడ్డాడు. పెద్ద తెలివిగలవాడినని అనుకుంటాడు గానీ, డాక్టరనగానే నీ కాలేజీ పేరు కూడా అడగలా. అట్టాంటి మామ దొరకడం నీ అదృష్టం.

స్కూలు దొరక్కపోతే మంచిదే. తిరిగొచ్చి కొట్లో కూర్చో. దేవుడున్నాడు.

అక్క.

బ్రాడీపేట,
17 జనవరి 2025.

అక్కా,

నీకు బుద్ధుందా? నేను చెప్పానని మందిచ్చావా? ఆ దగ్గు తగ్గకపోయి ఉంటే? నేను నవ్వుతూ రాయడం లేదు. ఇంకెవరికీ నా పేరుతో ఒక్క చుక్క కూడా పోయకు. ఫెబాకి చెప్పు, మళ్ళీ దగ్గొస్తే ఆసుపత్రికి పొమ్మని.

స్కూళ్ళ సంగతి విను, నీకు సంతోషంగా ఉంటుంది. బ్రాడీపేటలో, అరండల్‌పేటలో అన్నీ తిరిగాను. 'మగాళ్ళని చిన్నపిల్లల గదుల్లోకి రానివ్వం, పేరెంట్స్ గొడవ చేస్తారు' అని ఒకావిడ. ఇంకొకావిడ నా కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, 'వ్యాను డ్రైవరు ఖాళీ ఉంది, చేరతావా?' అంది. మూడో చోట కుర్చీ కూడా వేయలేదు, గేటు దగ్గరే వాచ్‌మన్ చేత చెప్పించారు. ఇవన్నీ 'ఇంటిని మించిన ప్రేమ' అని బోర్డులు పెట్టుకున్న స్కూళ్ళు. నేను బయటికి వస్తుంటే లోపల బెత్తం చప్పుడే.

అందుకని ఒకటి అడుగుతున్నాను. కాదనకముందు పూర్తిగా చదువు. మన కల్లంలో పిల్లలున్నారని రాశావు. టార్పాలిన్ పట్టా కట్టి నీడ చేస్తే అక్కడే నేను రెండు నెలలు వాళ్ళకి చెబుతాను. నీ కాయ మీద పరుగులు తప్పుతాయి, తల్లులకి నిశ్చింత. కాలేజీవాళ్ళు ఒప్పుకుంటారో లేదో గానీ ఖుర్షిదా మేడాన్ని అడుగుతాను. ఫిబ్రవరి 2 ఆదివారం వచ్చి చూసుకుంటాను. ఖాళీ అగ్గిపెట్టెలు, సీసా మూతలు, చింతపిక్కలు దొరికినన్ని దాచి పెట్టు.

ఇది దొరక్కపోతే నా చదువు ఇక్కడితో ఆగిపోతుందక్కా.

శివనాగరాజు.

పర్చూరు,
24 జనవరి 2025.

చిరంజీవి తమ్ముడికి,

చింతపిక్కలా! మనింట్లో ఎవరికీ పిచ్చి లేదురా, నీకెక్కడి నుంచి వచ్చింది?

కల్లంలో బడి పెడతాడంట. కాయ ఆరబెట్టుకునే చోట మా తమ్ముడు కూలీల పిల్లలతో చప్పట్లు కొడతా పాటలు పాడతాడు, వెంకయ్యగారు వచ్చి చూస్తాడు. నా పరువు తాలుకాయల్లో కలుస్తది. కుదరదు. అగ్గిపెట్టెలు లేవు, మూతలు లేవు, నీడ లేదు.

కానీ ఆదివారం మాత్రం తప్పకుండా రా. వెంకయ్యగారు భార్యనీ, పిల్లనీ తీసుకుని అదే రోజు వస్తామన్నాడు. తెల్ల చొక్కా వేసుకో. మెడలో వేసుకునే ఆ గొట్టం ఉంటది చూడు, అదొకటి ఎవరినన్నా అడిగి తీసుకురా. వాడక్కర్లేదు, వేసుకుంటే చాలు. కూలీలకి కూడా చెప్పా, ఆదివారం డాక్టరుగారు వస్తున్నాడని. నలుగురు తల్లులు నీ చుట్టూ నిలబడితే వెంకయ్యగారికి ఇంక అనుమానముండదు. ఫెబాకి ఆసుపత్రి సంగతి చెబుదామనే అనుకున్నా. నువ్వెటూ వస్తున్నావు గదా అని ఊరుకున్నా.

మీ బావకి మోకాళ్ళ నొప్పులు. నీకు చెప్పుకోమంటున్నాడు, ఎకసెక్కంగా.

అక్క.

బ్రాడీపేట,
30 జనవరి 2025.

అక్కా,

తొందరలో రాస్తున్నాను. ఆదివారం రాలేను. కాలేజీ తనిఖీకి ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారంట, అదీ ఆదివారమే. రాకపోతే హాజరు కొట్టేస్తామన్నారు. కాలేజీలో ఒక చిన్నపిల్లల బడి ఉన్నట్టు చూపించాలంట. వీధిలోని పిల్లల్ని బిస్కెట్లిచ్చి తీసుకొస్తున్నారు, బొమ్మలు షాపు నుంచి ఒక పూటకి తెస్తున్నారు. ఆ పిల్లల్ని ఆడించే పని నాకు పెట్టారు, ఎందుకంటే మా నలభై మందిలో వాళ్ళని ఏడవకుండా ఆపగలిగేది నేనొక్కణ్ణేనంట. మెచ్చుకున్నందుకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

ఫోను చేస్తే బావ, నువ్వు కల్లంలో ఉన్నావన్నాడు. కూలీలకి ఇవాళే చెప్పేయి, నేను రావడం లేదని, డాక్టర్ని కానని. ఫెబా పిల్లకి దగ్గుంటే ఆగొద్దని చెప్పు. ఈ ఒక్క పని చెయ్యి.

తమ్ముడు.

పర్చూరు,
3 ఫిబ్రవరి 2025.

శివనాగరాజుకి,

ఈపాటికి మీ బావ నీకు ఫోను చేసే ఉంటాడు. అయినా రాస్తున్నా, ఆయన సగమే చెబుతాడు.

నీ ఉత్తరం శుక్రవారమే అందింది. చదివా. డాక్టరు రావడం లేదని వెంకయ్యగారికి చెబితే సంబంధం పోద్దని, సాయంత్రానికల్లా వస్తాడని చెప్పా. అదే మాట కూలీలకీ చెప్పా. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఒకటి చెబితే బయటపడిపోతా గదా.

వాళ్ళు వచ్చారు. కోడి కోశా. తిన్నారు, గోడ మీద నీ ఫోటో చూశారు, గేటు వైపు చూశారు. ఆ వెంకయ్య మూడుసార్లు గడియారం చూశాడు, చూసినప్పుడల్లా ఇంకో ముక్క వేయించుకున్నాడు. నాలుగింటికి కార్లో పోయారు.

ఫెబా పొద్దున్నుంచీ మన గేటు పక్కన పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. గురువారం నుంచి మళ్ళీ దగ్గు, పైగా జ్వరమంట. తోటివాళ్ళు శనివారమే చిలకలూరిపేట ఆసుపత్రికి పోదామన్నారంట, ఆమె వినలా. 'ఆదివారం డాక్టరుగారు వస్తున్నాడు, అమ్మ చెప్పింది' అందంట. నేను వడ్డిస్తా అటూ ఇటూ తిరుగుతున్నా. రెండుసార్లు నా వంక చూసింది. వస్తాడులే అన్నా.

కారు పోయాక చూశా. పిల్ల డొక్కలెగరేస్తోంది. పెదాలు నల్లబడ్డయి. మీ బావ కారు మాట్లాడి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నువ్వొచ్చి ఉంటే ఇంత జరిగేదా? ఒక్క పూట ఆ దిక్కుమాలిన కాలేజీ ఎగ్గొడితే నీ సొమ్మేం పోయింది?

పోయి చూడు ఆ పిల్లని. ఎట్టా ఉందో రాయి.

అక్క.

గుంటూరు,
7 ఫిబ్రవరి 2025.

అక్కకి,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. పిల్ల బతికింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి చీము పట్టిందంట, పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి తీస్తున్నారు. ఇంకా చాలా రోజులుండాలి. గురువారమో శుక్రవారమో తెచ్చి ఉంటే గొట్టం అవసరం ఉండేది కాదని డాక్టరన్నాడు. నిజం డాక్టరు.

నువ్వు నన్నడిగావు గదా, ఎందుకు రాలేదని. చెబుతా విను. ఆదివారం పొద్దున్న నేను షాపువాళ్ళ ధర అట్టముక్క ఇంకా ఊడదీయని చెక్క గుర్రం మీద ఎవరి బిడ్డనో ఎక్కించి ఊపుతున్నాను. తనిఖీవాళ్ళు ఫోటోలు తీసుకున్నారు, 'చాలా సహజంగా ఉంది' అన్నారు. వాళ్ళు కాఫీకి లేవగానే గుర్రాన్ని వ్యానులో ఎక్కించేశారు. ఆ పిల్లాడు దాని కోసం నేల మీద పడి ఏడ్చాడు. అప్పుడు నాకు అసహ్యమేసింది. ఇంకా నీ కల్లం సంగతి తెలియకముందే.

అక్కా, పసిపిల్ల ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే ఒక్క గంట కూడా ఆగకూడదు. ఇది మా రెండో పేపర్లో ఉంది. ఖుర్షిదా మేడం మా చేత పదిసార్లు చెప్పించారు. నువ్వు ముక్కులు తుడిచే చదువన్నావే, అందులోనే ఉంది. ఉన్నదున్నట్టు నేనేంటో చెప్పి నన్ను అడిగినప్పుడే కల్లంలోకి రానిచ్చి ఉంటే, నేను ఆ పిల్లల మధ్యే ఉండేవాణ్ణి. గురువారమే చూసేవాణ్ణి.

మొదటిరోజు ఫెబా నన్ను చూసి లేచి నిలబడింది. 'వచ్చారా డాక్టరు బాబూ' అంది. నేను డాక్టర్ని కాదమ్మా, చిన్నపిల్లల టీచరు చదువు చదువుతున్నానన్నాను. నమ్మలేదు. మళ్ళీ చెప్పాను. నా మొహంలోకి చూసి, 'మరి అమ్మ ఎందుకట్టా చెప్పింది?' అంది. 'సిగ్గుపడి' అన్నాను.

'పిల్లలకి చదువు చెప్పడం సిగ్గా?' అంది. ఎగతాళి కాదు, నిజంగా అర్థంకాకే అడిగింది. తర్వాత, 'ముందే చెబితే పేటకి పోయేదాన్ని గదా' అంది. అంతే. అరవలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ రెండు మాటలూ నీకు అలాగే రాస్తున్నాను. మోయి.

శివనాగరాజు.

పర్చూరు,
11 ఫిబ్రవరి 2025.

శివనాగరాజుకి,

మోయమన్నావు. చంకలో నిన్ను మోసినదాన్ని, అక్కనని కూడా చూడకుండా రాశావు. నీ బాగు కోరి చెప్పిన మాటరా అది. నా కోసం చెప్పానా?

పిల్లకి పాలు, బ్రెడ్డు, దుప్పటి పంపుతున్నా. నేను పంపానని ఫెబాకి చెప్పొద్దు, తీసుకోదు.

బ్రాడీపేట,
19 ఫిబ్రవరి 2025.

అక్కా,

దుప్పటి ఎవరు పంపారని ఫెబా అడిగింది. నేను అబద్ధం చెప్పలేదు. మడత విప్పకుండా పక్కన పెట్టింది. పాలు మాత్రం పిల్లకి పట్టింది. రేపో ఎల్లుండో ఇంటికి పంపిస్తారంట, గొట్టం తీసేశారు.

నా సంగతి. ప్రిన్సిపాలుగారు పిలిచి, 'నీకు స్కూలు దొరకలేదని బెంగపడకు, తెలిసిన స్కూలుంది, వెళ్ళక్కర్లేదు, రెండు నెలలు పనిచేసినట్టు సంతకం పెట్టిస్తాం' అన్నారు. మావాళ్ళు సగం మంది అలాగే కానిచ్చేస్తున్నారు. చింటూకి పాఠాలు చెప్పినట్టు రాసుకుంటారు, చింటూ ఎంచక్కా నేర్చుకుంటాడు. ఒద్దన్నాను. 'అయితే ఫెయిలవుతావు' అన్నారు. చెయ్యని పని చేశానని చెప్పుకుని తిరిగితే నీ డాక్టరుకీ నాకూ తేడా ఏముంది?

ఖుర్షిదా మేడం దగ్గరికి వెళ్ళి కల్లం సంగతంతా చెప్పాను. ఆవిడ నన్ను కూడా తిట్టారు, ఆ గుర్రాన్ని ఊపినందుకు. తర్వాత, 'పిల్లలెక్కడుంటే అదే బడి. నేనొచ్చి చూసి సంతకం పెడతా, గొడవొస్తే నేను పడతా. కానీ తల్లులు నమ్మి నీ దగ్గర వదలాలి. నలుగురు పిల్లల్ని పోగుచేసి ఫోటో దిగుతానంటే మాత్రం నీ మొహం చూడను' అన్నారు.

ఇంక నీ ఇష్టం. కల్లం నీది. నేను మాత్రం డాక్టరుగా నీ గడప తొక్కను.

శివనాగరాజు.

పర్చూరు,
2 మార్చి 2025.

చిరంజీవి శివనాగరాజుకి అక్క రాయునది.

వెంకయ్య మళ్ళీ వచ్చాడు. ముహూర్తాలు పెట్టుకుందామని, ఈసారి ఇద్దరు చుట్టాలని వెంటేసుకుని నేరుగా కల్లంలోకే వచ్చాడు. కూలీలు మధ్యాహ్నం అన్నాలకి కూర్చుని ఉన్నారు. ఆ చుట్టాల్లో ఒకాయన, 'డాక్టరుగారు ఆసుపత్రి పర్చూరులో పెడతాడా, ఇంకొల్లులోనా?' అన్నాడు. పర్చూరులోనే అందామని నోరు తెరిచా. ఫెబా అన్నం ముద్ద చేత్తో పట్టుకుని నన్నే చూస్తోంది. నేనేం చెబుతానో తెలిసినట్టే చూస్తోంది. నాకు ఒళ్ళంతా మండినట్టయింది, కారం మీద పడినా అంత మండదు.

అప్పుడు చెప్పేశా. గట్టిగానే చెప్పా, నా గొంతు నీకు తెలుసుగా. మా తమ్ముడు డాక్టరు కాదండీ, ఎప్పుడూ కాదు, నేను కల్పించి చెప్పా, వాడు చదివేది మూడేళ్ళ నాలుగేళ్ళ పిల్లలకి ఆటలూ మాటలూ నేర్పే చదువు, నా అబద్ధాన్ని నమ్ముకునే ఈ తల్లి బిడ్డని ఆసుపత్రికి తీసుకుపోలేదు అన్నా. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగారు. మీ బావ కొట్లోంచి పరిగెత్తుకొచ్చాడు, ఎవరన్నా పోయారేమోనని.

వెంకయ్య మొహం చూడాల్సింది. 'ఆయా పని చేసేవాడికా నా పిల్లనిచ్చేది?' అని నా ముందే అన్నాడు. రెండు నెలల కిందట నేను నీకు రాసింది కూడా ఇదే, మాట తేడా అంతే. వాడి నోట వింటే చెప్పు తీసుకు కొట్టాలనిపించింది. ఆ మాటలన్న నోరు నాది కూడా అని గుర్తొచ్చి, వాణ్ణేమీ అనలేక పొమ్మన్నా. సంబంధం పోయింది. పోతే పోనీ, దగ్గుతున్న బిడ్డ గేటు దగ్గరుంటే కోడి మీద నుంచి కన్ను తిప్పనివాడు, వాడొక మామా!

నీ చదువంటే నాకిప్పటికీ గౌరవమేం లేదు, ఉన్నట్టు రాస్తే అది ఇంకో అబద్ధం. ఆ చెక్కగుర్రం కాలేజీ మొహాన దుమ్ముపొయ్య. కానీ డొక్కల సంగతి నాకు తెలియదు, నీకు తెలుసు. అది మాత్రం ఒప్పుకుంటున్నా.

కల్లంలో ఉత్తరం వైపు కాయ తీయించేశా. మీ బావ పట్టా కట్టాడు, మోకాళ్ళని తిట్టుకుంటా. ఇంకో నెలా రెండు నెలలు కోతలుంటయి.

అయితే ఒకటి. ఫెబా పనిలోకి వచ్చింది గానీ పిల్లని ఎక్కడా దించడం లేదు. ఎండలో వీపున కట్టుకునే కాయ కోస్తోంది. ఆ గాయం ఇంకా ఆరలేదు. పట్టా కింద పడుకోబెట్టవే అంటే వినపడనట్టు సాలు మార్చి పక్కకి పోయింది. మిగతా తల్లులందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె వదిలితే వాళ్ళూ వదులుతారు, లేకపోతే నీ పట్టా కింద ఒక్క పిల్ల కూడా ఉండదు. నిన్న రెండుసార్లు ఆమె దగ్గరికి పోయి, నోరు రాక వెనక్కి వచ్చా. ఇంతమంది మీద అరిచే నోరు.

మా తమ్ముడి దగ్గర బిడ్డని వదలమని నేనెట్టా అడగనురా? నేను అడిగానంటే అసలు వదలదు. వచ్చి నువ్వే అడుగు.

అక్క.